ఇంటి నీళ్ళకు సాఫ్టెనర్ పెట్టించాలా?



ఈ పూట పంటల ముచ్చట కొంత పక్కకు పెట్టి, ఇంట్లో వాడుకొనే నీళ్ళను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. కారణం ఉన్నది. బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి పక్క ఏ ఊరికి పోయినా, నిజామాబాదు పట్టణంలో కొత్తగా లేచిన కాలనీలకు పోయినా ఒక ప్రశ్న ఎదురవుతున్నది. "సారూ, మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. నీళ్ళను మెత్తగ చేసే మిషను ఉన్నదట, సాఫ్టెనర్ అంటరట. పెట్టించుమంటరా, వద్దంటరా?" అని. పెట్టించండి అనో, వద్దు అనో ఒక్క మాటతో లేచి రావచ్చు. కాని పెట్టించి నష్టపోయిన ఇండ్లున్నవి, పెట్టించక నష్టపోయిన ఇండ్లూ ఉన్నవి. కాబట్టి లెక్క చూచుకొని తేల్చుకోవలసిన విషయమిది.

మొన్న ఎండకాలంలో బోధన్ దగ్గరి ఒక ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇంటికి పోయినాను. ఊరి పేరు, ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు. నేను మామా అని పిలుస్తాను. వయసులో ఉన్నప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి, ఆ తరువాత నాలుగెకరాల సేద్యం చూచుకొంటున్న మనిషి. నేను పోయేసరికి వసారాలో పెద్ద చర్చ జరుగుతున్నది. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు వచ్చి ఉన్నాడు. ఇంటి మొత్తానికి ఒక పెద్ద సాఫ్టెనర్ మాట్లాడి, బయానా ఇవ్వటానికి సిద్ధంగా ఉన్నాడు. కోడలికి తల వెంట్రుకలు అట్టగడుతున్నవి. అత్తమ్మకు పప్పు ఉడకటం లేదు. గీజరు రెండేళ్ళలో రెండుసార్లు కాలిపోయింది. పైగా మామకు ఇంతకుముందు ఒకసారి మూత్రపిండంలో రాయి వచ్చి ఉన్నది. ఆ రాయి ఈ నీళ్ళవల్లనే అని అమ్మేవాళ్ళ మనిషి చెప్పి పోయినాడట. మిషను కోసం తీసిన డబ్బు మాత్రం మోటరు పైపులు మార్చటానికని దాచినది.

మామ నన్ను చూడగానే అన్నాడు: "నువ్వే చెప్పు సారూ. ఫ్యాక్టరీల బాయిలర్‌కు ఉత్త బోరు నీళ్ళు పోయనిస్తరా? మెత్తగ చేసినంకనే పోస్తరు. ఇనుప బాయిలర్‌కే అంత మర్యాద ఉంటె మనిషికెందుకు ఉండొద్దు?"

మాట గట్టిగానే ఉన్నది. ఈ ప్రాంతంలో ఆ మాట అనగలిగినవారు చాలామంది ఉన్నారు. 1931లో నిజాంసాగర్ పూర్తి కావటం, 1930ల చివర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నిలవటం, దానివెంట చెరకు, ఆ చెరకువెంట జీతగాండ్లు, ఫిట్టర్లు, బాయిలర్ మనుషులు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది గాని అక్కడ నేర్చిన విద్య ఇంకా ఇండ్లలో ఉన్నది. కాబట్టి మామకు జవాబు కూడా బాయిలర్ మీదనే చెప్పవలసి వచ్చింది.

ముందు ఈ నీళ్ళ సంగతి. మనం ఉప్పు నీళ్ళంటాము గాని నాలుకకు ఉప్పగా ఉండటం వేరు, నీరు కఠినంగా ఉండటం వేరు. భూమిలోని రాళ్ళ సందుల్లో నీరు నిలిచి నిలిచి, సున్నపు ధాతువైన కాల్షియంను, దాని తోబుట్టువు వంటి మెగ్నీషియంను కరిగించుకొంటుంది. వాన నీటిలో అవి ఉండవు. కాలువ నీటిలో కొంచెం ఉంటవి. లోతు బోరులో ఎక్కువ. ఒకే ఊళ్ళో, ఒకే వాడలో రెండు బోర్ల నీళ్ళు రెండు తీర్లుగా ఉండటం మీరు చూచే ఉంటారు. ఆర్మూరు వైపు గండశిలల కింది నీరు ఒక తీరు, మద్నూరు, జుక్కల్ వైపు నల్లరాతి కింది నీరు ఇంకొక తీరు. కాబట్టి పక్కింటి వారు పెట్టించినారు, మనమూ పెట్టిద్దాం అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

కఠినత్వాన్ని లీటరు నీటిలో ఇన్ని మిల్లీగ్రాముల సున్నపురాయికి సమానమని లెక్కగడతారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు మంచిది. వేరే నీరు దొరకనిచోట 600 వరకు ఒప్పుకొంటారు. మామ ఇంటి బోరు నీటిని జిల్లా ప్రయోగశాలకు పంపిస్తే 480 అని తేలింది. అనగా వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే అందులో కంటికి కనబడకుండా దాదాపు అర కిలో సున్నపురాయి ఉన్నట్లు. గీజరు కాలిపోవటంలో ఆశ్చర్యమేమీ లేదు. నీరు వేడెక్కగానే ఆ సున్నంలో కొంత భాగం తెల్లగా విడిపోయి, కడ్డీ చుట్టూ గారలాగా గట్టిపడుతుంది. కడ్డీ వేడి నీటికి అందక లోపలనే మగ్గి, చివరకు తెగిపోతుంది.

సబ్బు సంగతీ అంతే. ఒక గ్రాము కఠినత్వం సుమారు ఆరు గ్రాముల సబ్బును తినివేసిన తరువాతనే నురుగు లేవనిస్తుంది. 15 లీటర్ల బకెటు నీళ్ళలో, 480 లెక్కన, నలభై గ్రాములకు పైగా సబ్బు వృథా అయితే గాని ఆ నీళ్ళన్నీ మెత్తబడవు. ఆ వృథా అయిన సబ్బే జిడ్డు తెట్టుగా బట్టలకు, తలకు, బకెటు అంచుకు పట్టుకొనేది. కోడలి ఫిర్యాదు అబద్ధం కాదు, అత్తమ్మ ఫిర్యాదూ అబద్ధం కాదు. సున్నం పప్పుగింజ పొరను బిగదీసి మెత్తబడనివ్వదు.

ఇక మిషను చేసే పని. డబ్బాలో చిన్నచిన్న పూసల వంటి రెజిన్ ఉంటుంది. ఆ పూసలు సోడియంను పట్టుకొని ఉంటవి. బోరు నీరు వాటి మీదుగా పోయేటప్పుడు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంను తీసుకొని, బదులుగా సోడియంను నీటిలోకి వదలుతవి. సోడియం సబ్బుతో తగవు పెట్టుకోదు, కడ్డీకి గార కట్టదు. కొన్ని రోజులకు పూసలు నిండిపోతవి. అప్పుడు వాటి మీద చిక్కటి ఉప్పునీరు పోనిస్తే, పట్టుకొన్న సున్నాన్ని వదలి మళ్ళీ సోడియంను ఎత్తుకొంటవి. వదలిన సున్నం, మిగిలిన ఉప్పు కలిసిన మురుగునీరు బయటకు పోతుంది. ఇంతే విద్య. ఇందులో మోసం లేదు. మిషను చెప్పిన పని చేస్తుంది.

చెప్పని పని చేయదు. తకరారు అక్కడ వస్తున్నది. సాఫ్టెనర్ సూక్ష్మక్రిములను చంపదు. ఫ్లోరైడ్ తీయదు, నైట్రేట్ తీయదు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ వల్ల పడిన గోస అందరికీ తెలిసిందే. మన జిల్లాలో కూడా బోరు నీరు తాగేవారు ఫ్లోరైడ్ పరీక్ష విడిగా చేయించుకోవాలి. అది లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉంటే మంచిది, ఒకటిన్నర దాటకూడదు. కొందరు అమ్మేవాళ్ళు జేబులోనుంచి పెన్ను వంటి మీటరు తీసి, నీళ్ళలో ముంచి, అంకె చూపించి భయపెడతారు. అది నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని అంచనా కట్టే మీటరు. కఠినత్వం ఎంతో దానికి తెలియదు. సాఫ్టెనర్ పెట్టిన తరువాత అదే మీటరు ముంచి చూడమనండి, అంకె తగ్గదు. సున్నం పోయినచోట సోడియం వచ్చి కూర్చుంటుంది గనుక.

మామ రాయి విషయం. కఠినమైన నీటివల్ల ఆరోగ్యానికి కీడు కలుగుతుందనటానికి నమ్మదగిన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పియున్నది. రాయి వచ్చినవారు నీరు సరిపడా తాగుతున్నారా, ఏమి తింటున్నారు అన్నది డాక్టరుతో మాట్లాడుకోవాలి గాని, రాయిని చూచి మిషను కొనవద్దు. పైగా మామకు రక్తపోటు ఉన్నది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినాడు. 480 కఠినత్వం ఉన్న నీటిని పూర్తిగా మెత్తబరిస్తే లీటరుకు 220 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా చేరుతుంది. ఎండలో పనిచేసే మనిషి రోజుకు మూడు లీటర్లు తాగితే 660 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజు మొత్తానికి రెండు గ్రాముల సోడియం దాటకూడదని అదే సంస్థ సలహా. అంటే కూరలో ఉప్పు వేయకముందే నీటితోనే మూడో వంతు లోపలికి పోయింది. ఈ మాట చెప్పినప్పుడు అత్తమ్మ, "నేను కూరల చిటికెడు తగ్గిస్తున్న, ఈ మిషను గ్లాసుల పోస్తదన్నట్టు" అన్నది. అంతకన్న సూటిగా నేను చెప్పలేను.

బాయిలర్ మాటకు వస్తాను. బాయిలర్‌లో నీరు ఆవిరై పోతుంది, సున్నం లోపలనే మిగిలిపోతుంది. రోజూ టన్నులకొద్దీ నీరు ఆవిరి చేసేచోట గార వేలెడు మందాన కడితే గొట్టం పగిలి ప్రాణాలు పోతవి. అందుకే అంత జాగ్రత్త. మరి అక్కడ కూడా బాయిలర్‌కు వచ్చే నీళ్ళన్నీ మెత్తబరుస్తారా? లేదు. ఆవిరి చల్లారగా వచ్చిన నీటినే తిరిగి బాయిలర్‌కు తోలి, తక్కువబడిన మేరకే మెత్తబరచిన నీరు కలుపుతారు. ఫ్యాక్టరీలో గచ్చు కడిగే నీళ్ళకు, తోట తడిపే నీళ్ళకు ఎవరూ సాఫ్టెనర్ పెట్టరు. మామ ఈ మాట విని నవ్వి, "అవును, గచ్చు కడిగేటివి కాలువ నీళ్ళే" అని ఒప్పుకొన్నాడు. ఇంట్లో బాయిలర్ అనదగినది గీజరు ఒక్కటే. మరి అయిదారు వందల లీటర్లు మెత్తబరచవలసిన పని ఏమున్నది?

ఇక్కడ ఉప్పు లెక్క చూడండి. అయిదుగురున్న ఇంట్లో రోజుకు 500 లీటర్ల వాడకం అనుకొందాము. 480 కఠినత్వం చొప్పున రోజుకు 240 గ్రాముల సున్నం తీయాలి. పూసలను తిరిగి సిద్ధం చేయటానికి గ్రాముకు రెండున్నర గ్రాముల ఉప్పు పడుతుందనుకొంటే, రోజుకు 600 గ్రాములు, నెలకు 18 కిలోలు, ఏడాదికి రెండు క్వింటాళ్ళ పైన. కొనటానికి అయ్యే ఖర్చు ఒక ఎత్తు. ఆ రెండు క్వింటాళ్ళు చివరకు ఎక్కడికి పోతవి? పట్టణమైతే మోరీలోకి. పల్లెలో మామ ఇంటి వంటి చోట ఇంకుడు గుంతలోకి, లేదా పెరట్లోని నిమ్మచెట్టు, కరివేపాకు, అరటిబోదెల్లోకి. ఆ గుంతకు బోరు ముప్పై అడుగుల దూరంలో ఉన్నది! నీళ్ళు బాగుచేయటానికి పెట్టిన మిషను, ఏళ్ళ తరబడి ఆ నీళ్ళ తల్లికే ఉప్పు తాగించినట్లవుతుంది.

మనది చాలాచోట్ల నల్లరేగడి. నల్లరేగడికి సోడియం పడదు. కాల్షియం మట్టి రేణువులను గుంపుగా పట్టి ఉంచుతుంది. సోడియం ఆ పట్టు విడదీస్తుంది. మట్టి తడిసినప్పుడు జిగటై, ఆరినప్పుడు పెంకై, నీరు లోపలికి ఇంకదు. చవుడు నేలకు జిప్సం వేయమని మేము ఎందుకు చెప్తాము? జిప్సంలో ఉన్నది కాల్షియం గనుక. చవుడు మీద డబ్బుపెట్టి వేసే కాల్షియంనే సాఫ్టెనర్ నీటిలోనుంచి తీసి పారవేసి, చవుడు చేసే సోడియంను కలుపుతున్నది. కాబట్టి మెత్తబరచిన నీరు గాని, మిషను కడిగిన మురుగు గాని చెట్లకు, పొలానికి, పశువుల తొట్టికి పోకూడదు. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటం లేకుండా చెప్తున్నాను.

మరి మామ ఇంట్లో ఏమి చేసినాము? వాళ్ళ ఇంటికి మిషన్ భగీరథ నల్లా ఉన్నది. 2016లో మొదలైన ఆ పథకం నీరు నదులది, జలాశయాలది. బోరు నీటికన్న చాలా మెత్తన. ఆ నీళ్ళు వచ్చే గంటలో బిందెలు నింపుకొని, మిగిలినది అట్లనే వదిలేస్తున్నారు. దానికి విడిగా ఒక 500 లీటర్ల ట్యాంకు పెట్టి, తాగటానికి, వంటకు, గీజరుకు ఆ నీళ్ళే పోయేటట్లు పైపు కలిపించినాము. బోరు నీరు గచ్చుకు, గిన్నెలకు, పశువులకు, చెట్లకు. పప్పు ఉడికింది. గీజరు కడ్డీ ఇంతవరకు బాగున్నది. నా మాట అంతా నెగ్గిందని చెప్పను. ఎండకాలంలో నల్లా రెండు రోజులు రాకపోతే కోడలు మళ్ళీ మిషను మాట ఎత్తుతున్నది. ఆమె మాటలోనూ న్యాయం ఉన్నది, తల రుద్దుకొనేది ఆమె గదా. అటువంటప్పుడు స్నానాల గదికి మాత్రమే చిన్నది ఒకటి పెట్టుకోవచ్చు. రోజుకు 150 లీటర్లు మెత్తబరిస్తే నెలకు అయిదారు కిలోల ఉప్పుతో పోతుంది.

పట్టణంలో కథ వేరు. నిజామాబాదు కాలనీల్లో కొన్ని ఇండ్లకు, అపార్ట్‌మెంట్లకు బోరు తప్ప దిక్కు లేదు. మిద్దె మీద సోలార్ హీటరు, లోపల బట్టలుతికే మిషను, వాటి గొట్టాలన్నిటికీ గార. కఠినత్వం 300, 400 దాటి ఉండి, వేరే నీరు లేక, మురుగు పోవటానికి మోరీ ఉండి, వారం వారం ఉప్పు పోసి చూచుకొనే మనిషి ఇంట్లో ఉంటే, అక్కడ పెట్టించండి అనే చెప్తాను. అప్పుడు కూడా వంటింటి నల్లాను, తాగే నీటి గొట్టాన్ని మిషనుకు ముందే విడదీయించండి. కొనేముందు అమ్మేవారిని మూడు మాటలడగాలి: ఎన్ని లీటర్ల రెజిన్ ఉన్నది, ఒక్కసారి కడగటానికి ఎంత ఉప్పు, ఎంత నీరు పడుతుంది, మా నీటి కఠినత్వానికి ఎన్ని రోజులకొకసారి కడగాలి. మీ నీటి పరీక్ష కాగితం అడగకుండానే మిషను సైజు చెప్పేవానితో బేరం ఆపివేయండి.

గొట్టానికి చుట్టే అయస్కాంతాలు, కరెంటు డబ్బాలు కూడా అమ్ముతున్నారు. నేనే ఒకప్పుడు మోజుపడి అటువంటిది ఒకటి తెచ్చి బిగించినాను. ఇంటావిడ వద్దన్నది. రెండో చలికాలానికి గీజరు కడ్డీ విప్పితే ముల్లంగి దుంపంత లావు గార. అవి నీటిలోని సున్నాన్ని బయటకు తీయవు. అంతే సంగతి.

మిషను లేకుండా గడుపుకొనేవారికి కొన్ని చిట్కాలు. బట్టల నీళ్ళకు 15 లీటర్ల బకెటులో 7, 8 గ్రాముల సోడా బూడిద, అనగా ఒక చెంచా, చెంచాన్నర, రాత్రి కలిపి ఉంచి, పొద్దున పైతేట నీరు వంచుకొంటే సబ్బు ఆదా అవుతుంది. ఆ నీళ్ళు కూడా చెట్లకు పోయవద్దు. పప్పుకు కాచి, చల్లార్చి, తేర్చిన నీళ్ళు వాడండి. కాచినప్పుడు విడిపోయే రకం సున్నం అడుగున నిలిచిపోతుంది. వంటసోడా చిటికెడు వేస్తే పప్పు ఉడుకుతుంది గాని ధాన్యపు బలంలో కొంత పోతుంది. గీజరు వేడిని 50, 55 డిగ్రీల దగ్గర పెట్టితే గార తక్కువ. పటిక బురదను తీస్తుంది గాని కఠినత్వాన్ని తీయదు.

సేద్యానికి సంబంధించి ఒక మాట. చెరకులో 2,4-డి సోడియం లవణం వంటి కలుపుమందును కఠినమైన బోరు నీటిలో కలిపితే నీరు విరిగినట్లయి, మందు తెల్లగా అడుగుకు దిగి, నాజిల్ మూసుకొంటుంది. మందు దోషం కాదు, నీటి దోషం. దానికి కాలువ నీరో, వాన నీరో వాడండి. డ్రిప్పు రంధ్రాలకు తెల్లపొర కట్టినచోట ఆమ్లంతో శుద్ధి చేసే పద్ధతి ఉన్నది. దాన్ని మొదటిసారి తెలిసినవారి ఎదుట చేయండి. నీటిలో ఆమ్లం పోయాలి గాని ఆమ్లంలో నీరు పోయరాదు. రుద్రూరు పరిశోధన స్థానంలోని శాస్త్రజ్ఞులను అడిగితే మీ నీటికి తగినట్లు చెప్తారు.

నీరు పరీక్షకు పంపేవారు మోటరు పది నిమిషాలు నడిపిన తరువాత, లీటరు పట్టే శుభ్రమైన సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, అంచుదాక నింపి, పేరు, ఊరు, బోరు లోతు, తేదీ రాసి పంపండి. కఠినత్వం, ఫ్లోరైడ్, నైట్రేట్, సోడియం నాలుగూ చూడమని అడగండి. ఒకసారి మే నెలలో, ఒకసారి వానలు వెనుకబట్టిన తరువాత. అంతలోపల ఇంట్లోనే చూచుకోదలచినవారు రెండు ఒకే తీరు సీసాలు తీసుకొని, ఒకదానిలో పట్టిన వాన నీరు, రెండోదానిలో బోరు నీరు సగం సగం పోసి, రెంటిలోనూ చిటికెడు సబ్బు తురుము వేసి కలియగొట్టండి. పౌడరు కాదు, బట్టల సబ్బు కాదు, పాతకాలపు ఒళ్ళు రుద్దుకొనే సబ్బే. నురుగు ఎక్కడ నిలిచింది, తెట్టు ఎక్కడ కట్టింది మీకే కనబడుతుంది. తెట్టు కట్టిన సీసాను పారబోయకుండా, బయానా అడగవచ్చిన మనిషి వచ్చేవరకు కిటికీలో ఉంచండి.